ఎర్ర గోళీ చేసే మేలెంత?

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టరులం కాము. ఇరవై ఏళ్ళుగా ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్పుకుంటున్న మామూలు ఉపాధ్యాయులం. ఉర్దూలో 'హమ్' అని అలవాటైన నోటికి తెలుగులో కూడా 'మేము' అనే వస్తుంది, ఉన్నది ఒక్కరమే అయినా! పెద్దలు మన్నించాలి. ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మొదట వద్దనే అన్నాం. తెలియని విషయంలో నోరు తెరిచి ఒకసారి దెబ్బతిన్నవాళ్ళం. తరువాత ఆలోచిస్తే, దెబ్బతిన్న సంగతే చెబితే నలుగురికి ఉపయోగపడవచ్చునని తోచింది.

2022లో రంజాను పండుగ వెళ్ళిన నెలకు మా పెద్దన్నయ్య, మేము భాయీజాన్ అని పిలుస్తాం, ఒక వలీమా విందు నుంచి చేతిలో ఒక డబ్బాతో వచ్చారు. వారికప్పటికి అరవై ఏళ్ళు. పన్నెండేళ్ళుగా షుగరు. డబ్బాలో ముదురు ఎరుపు రంగు గోళీలు. దానిమ్మ గింజల్లాగా నిగనిగలాడుతున్నాయి. గొలుసుకట్టు పద్ధతిలో సరుకులు అమ్మే బంధువొకాయన విందులో కలిసి, నెలకు రెండు వేల పైచిలుకు ధరకు అంటగట్టాడు. "షుగరు, బి.పి., కీళ్ళనొప్పులు, కంటిచూపు, అన్నిటికీ ఇదొక్కటే చాలు. పైగా నేచురల్. సైడు ఎఫెక్టులుండవు" అన్నాడట.

భాయీజాన్‌కు ఉర్దూ, తెలుగు వచ్చు. ఇంగ్లీషు రాదు. డబ్బా మా చేతికిచ్చి, "మాస్టరూ, దీని మీద ఏం రాశాడో చదివి చెప్పరా" అన్నారు. మేము చదివాం. "ప్రకృతి సిద్ధమైన ఆస్టాక్సాంథిన్. బలమైన యాంటీఆక్సిడెంట్" అని ఉంది. యాంటీఆక్సిడెంట్ అంటే ఏమిటో కూడా సైన్సు మాస్టరు గర్వంతో వివరించాం. "మంచిదే భాయీజాన్" అన్నాం. ఆ మాట గుర్తుపెట్టుకోండి. దాని ఫలితం తరువాత మనవి చేస్తాం. ముందు ఈ గోళీలో ఉన్నదేమిటో చూద్దాం.

ఆస్టాక్సాంథిన్ ఒక రంగు పదార్థం. ఇంట్లో రొయ్యలు వండే అమ్మలందరూ దీన్ని కళ్ళారా చూసినవారే. పచ్చి రొయ్య బూడిద రంగులో ఉంటుంది. మూకుడులో పడి వేడి తగిలేసరికి ఎర్రబడుతుంది. ఆ ఎరుపు కారం వల్ల వచ్చింది కాదు. ముందు నుంచీ రొయ్య ఒంట్లోనే ఉంది. ఒక ప్రోటీను దాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నంతసేపూ ఆ రంగు మనకు కనిపించదు. వేడికి ప్రోటీను పట్టు సడలుతుంది, ఎరుపు బయటపడుతుంది. అంతే! ఈ పదార్థాన్ని లాబ్‌స్టర్ అనే పెద్ద సముద్రపు రొయ్య నుంచి రిచర్డ్ కూన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు 1938లో వేరుచేసి చూపారు. కెరోటినాయిడ్ల మీద, విటమిన్ల మీద చేసిన కృషికి కూన్‌కు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

డబ్బాల్లో అమ్మే సహజమైన సరుకు ఎక్కువగా హిమటోకాకస్ అనే మంచినీటి నాచు నుంచి తీస్తారు. ఈ నాచు మామూలుగా పచ్చగా ఉంటుంది. ఎండ తీవ్రమై, తిండి తగ్గి, నీళ్ళు ఇంకిపోయే గడ్డుకాలం వచ్చినప్పుడు తన్ను తాను కాపాడుకోవడానికి ఈ ఎర్రరంగును తయారుచేసుకుంటుంది. సాల్మన్ చేప మాంసంలోని గులాబి రంగు కూడా ఈ పదార్థానిదే. అది చేపకు తిన్న ఆహారం ద్వారా వస్తుంది.

క్యారెట్టుకు నారింజ రంగునిచ్చే బీటా కెరోటిన్, టమాటాకు ఎరుపునిచ్చే లైకోపిన్, ఆకుకూరల్లోనూ మొక్కజొన్నలోనూ ఉండే ల్యూటిన్, ఇవన్నీ ఆస్టాక్సాంథిన్‌కు అక్కచెల్లెళ్ళే. అందరినీ కలిపి కెరోటినాయిడ్లు అంటారు.

ఇక యాంటీఆక్సిడెంట్ సంగతి. ఇనుప మేకు గాలికీ తేమకూ తుప్పు పడుతుంది. ఎక్కువకాలం నిలవ ఉంచిన నూనె వాసన మారిపోతుంది. ఇవి ఆక్సిజన్ చేసే పనులు. మన ఒంట్లో కూడా ఆహారం ఖర్చయి శక్తిగా మారేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన కణాలు పుడతాయి. అవి అదుపు తప్పితే పక్కనున్నవాటిని పాడుచేస్తాయి. వాటిని అణచే పదార్థాలను యాంటీఆక్సిడెంట్లు అంటారు. పరీక్షనాళికలో చూస్తే ఆస్టాక్సాంథిన్ ఈ పని చాలా బాగా చేస్తుంది. ఇందులో అబద్ధం లేదు.

అయితే పరీక్షనాళిక వేరు, మనిషి వేరు. మనిషి ఒంట్లో ఈ చురుకైన కణాలన్నీ శత్రువులే కావు. రోగక్రిములను చంపడానికి మన తెల్ల రక్తకణాలు వాటినే ఆయుధాలుగా వాడతాయి. ఒంటికి సొంత యాంటీఆక్సిడెంట్ల ఏర్పాటు కూడా ఉంది. కాబట్టి నాళికలో మంచిపని చేసిందని, అదే గోళీగా మింగితే రోగం పోతుందని అనుకోవడానికి వీల్లేదు. మనుషుల మీద సరిగా పరీక్షించి చూడాలి.

అలా చూసినప్పుడు ఏమైందో ఒక నిజమైన ఉదాహరణ చెబుతాం. క్యారెట్లు, ఆకుకూరలు బాగా తినేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తక్కువగా ఉన్నట్లు చాలాకాలంగా గమనించారు. అయితే ఆ మేలు బీటా కెరోటిన్ వల్లే అయివుండాలని అనుకున్నారు. ఫిన్లాండు దేశంలో సిగరెట్లు తాగే 29,133 మంది మగవారిని తీసుకున్నారు. అందరూ 50 నుంచి 69 ఏళ్ళ వయస్సువారు. వారిలో కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. 5 నుంచి 8 ఏళ్ళపాటు చూశారు. 1994లో ఫలితం ప్రకటించారు. గోళీ తిన్నవారిలో క్యాన్సరు తగ్గలేదు సరికదా, 18 శాతం ఎక్కువగా కనిపించింది!

అమెరికాలో ఇలాంటిదే మరొక పరీక్ష జరిగింది. సిగరెట్లు తాగేవారు, మానినవారు, ఆస్బెస్టాస్ పనిచేసినవారు కలిసి 18,314 మంది. వారిలో సగం మందికి బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ కూడా ఇచ్చారు. ఊపిరితిత్తుల క్యాన్సరు 28 శాతం, మరణాలు 17 శాతం ఎక్కువ కావడంతో అనుకున్న గడువుకు 21 నెలల ముందే, 1996 జనవరిలో, గోళీలు ఆపివేశారు. ఆ కాలంలోనే 22,071 మంది డాక్టర్ల మీద పన్నెండేళ్ళు జరిగిన మరో పరీక్షలో బీటా కెరోటిన్ వల్ల మేలూ కనబడలేదు, కీడూ కనబడలేదు.

ఇది వినగానే మా బడిలో ఒక అబ్బాయి, "అయితే సార్, క్యారెట్టు తినకూడదా?" అని అడిగాడు. తినాలి బాబూ, హాయిగా తినాలి! క్యారెట్టులో ఒక్క రంగే కాదు, పీచు ఉంది, ఇతర విటమిన్లు, లవణాలు ఉన్నాయి. అన్నీ కలిసి, కొద్ది మోతాదులో, ఆహారంగా లోపలికి పోతాయి. గోళీ సంగతి అలా కాదు. ఒక్కదాన్నే విడదీసి, రోజూ పెద్ద మోతాదులో, ఏళ్ళ తరబడి ఒంటిమీదకు తోలడం అది. పెళ్ళిలో బిర్యానీ బాగుందని, అందులోని లవంగాలన్నీ ఏరుకుని తింటే బిర్యానీ తిన్నట్లవుతుందా?

మన ఊళ్ళో బీడీలు, సిగరెట్లు తాగే సోదరులు చాలామంది ఉన్నారు. వారు ఊపిరితిత్తులకు రక్షణ అనుకుని బీటా కెరోటిన్ గోళీలు మింగవద్దు. బీడీ మానడమే రక్షణ.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. బీటా కెరోటిన్ వేరు, ఆస్టాక్సాంథిన్ వేరు. దీనివల్ల క్యాన్సరు వచ్చిందని ఎవరూ చూపలేదు. యూరపు దేశాల ఆహార భద్రతా సంస్థ 2020లో, పెద్దవారికి రోజుకు 8 మిల్లీగ్రాముల వరకు ప్రమాదం లేదని చెప్పింది. చర్మం ముడతలు, కంటి అలసట, రక్తంలో కొవ్వు, వీటిమీద కొన్ని చిన్న పరీక్షలు జరిగాయి. కొన్నిటిలో కొద్దిపాటి మేలు కనిపించింది. అయితే అవి కొద్దిమంది మీద, కొద్ది వారాలపాటు జరిగినవి. ఫిన్లాండులో జరిగినంత పెద్దవి, దీర్ఘకాలం సాగినవి కావు. షుగరు మాత్రకు, బి.పి. మాత్రకు బదులుగా దీన్ని వాడవచ్చునని ఏ పరీక్షా నిరూపించలేదు. ప్రమాదం లేదు అనడం వేరు, రోగం కుదురుస్తుంది అనడం వేరు. అమ్మేవారు ఈ రెండింటినీ ఒకటిగా చెబుతారు.

'నేచురల్' అనే మాటకు కూడా మోసపోవద్దు. గన్నేరు పప్పు నేచురల్ కాదా? ఉమ్మెత్త కాయ ఏ ఫ్యాక్టరీలో తయారైంది?

అలాగని రంగు పదార్థాలన్నీ దండగ అని మేము చెప్పడం లేదు. మన దేశంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. విటమిన్ ఎ లోపం వల్ల ఒకప్పుడు ఎంతోమంది పసిపిల్లలకు రేచీకటి వచ్చేది. ముదిరితే చూపే పోయేది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన కృషి ఆధారంగా 1970లో దేశమంతటా పిల్లలకు ఆరు నెలలకొకసారి విటమిన్ ఎ ద్రావకం నోటిలో పోసే కార్యక్రమం ప్రారంభమైంది. ఆకుకూరల్లోని, క్యారెట్టులోని బీటా కెరోటిన్ ఒంట్లోకి వెళ్ళి విటమిన్ ఎ గా మారుతుంది. ఆస్టాక్సాంథిన్ మన ఒంట్లో అలా మారుతుందని చెప్పలేం. అక్కడ లోపం ఉంది, లోపాన్ని పూరించారు, మేలు జరిగింది.

ఇంకొకటి. వయస్సు మళ్ళినవారికి కంటి వెనుక పొర మధ్యభాగం దెబ్బతినే జబ్బు ఒకటి ఉంది. అది ఒక దశకు చేరినవారిలో కొన్ని విటమిన్లు, జింకు కలిపిన మందు జబ్బు ముదరడాన్ని కొంత నెమ్మదింపజేస్తుందని 2001లో అమెరికా పరీక్ష తేల్చింది. ఆ మందులో మొదట బీటా కెరోటిన్ ఉండేది. 2013లో దాని స్థానే 10 మిల్లీగ్రాముల ల్యూటిన్, 2 మిల్లీగ్రాముల జియాజాంథిన్ వేయడం మంచిదని తేలింది. ముఖ్యంగా పొగతాగే అలవాటున్నవారికి, మానినవారికి ఇది క్షేమం. కాని అది కంటి డాక్టరు లోపలి పొర చూసి, ఫలానా దశ అని నిర్ణయించి ఇచ్చే మందు. విందులో పక్కన కూర్చున్నాయన ఇచ్చేది కాదు. మామూలుగా చూపు తగ్గినవారికి కావలసింది ముందు కళ్ళజోడో, శుక్లానికి ఆపరేషనో.

ఇప్పుడు మా భాయీజాన్ సంగతికి వస్తాం.

మేము "మంచిదే" అన్నాం కదా. వారు మా మాట మీద నమ్మకంతో ఎర్రగోళీ మొదలుపెట్టి, షుగరు మాత్రలు ఆపేశారు. ఆపినట్లు మాకు చెప్పలేదు. భాబీకి కూడా చెప్పలేదు. "ఒకేసారి అన్ని గోళీలు ఎందుకని మానేశా" అని తరువాత అన్నారు. మొదటి నెల ఉత్సాహంగానే ఉన్నారు. రెండో నెలలో ఊరికే దాహం, రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేవడం. ఫోనులో అమ్మినాయనను అడిగితే, "ఒంట్లో విషమంతా పోతోంది, మంచి లక్షణమే" అన్నాడట. మూడో నెలలో కొత్త చెప్పు కరిచి కుడికాలి బొటనవేలు మీద పుండు లేచింది. నొప్పి తెలియలేదు. షుగరు ఎక్కువకాలం ఉన్నవారికి పాదాల స్పర్శ తగ్గుతుంది. భాబీ చూసేనాటికి వేలు నల్లబడింది.

ఆసుపత్రిలో రక్తం చూస్తే షుగరు నాలుగు వందలు దాటింది. డాక్టరుగారు ఏమేం మందులు వాడుతున్నారని అడిగారు. భాబీ సంచిలోంచి ఆ డబ్బా తీసి ఇచ్చింది. ఆయన దాన్ని ఒక్కసారి వెనక్కి తిప్పి, మా చేతికిచ్చి, "మీరు మాస్టరుగారు కదా, ఈ లైను చదవండి" అన్నారు. చీమతలకాయలంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది: 'ఔషధంగా వాడుటకు కాదు.'

అదీ సంగతి. అమ్మినాయన నోటితో మందన్నాడు. డబ్బా మందు కాదంటోంది. మన దేశంలో ఇలాంటి గోళీలు మందుల చట్టం కింద కాదు, 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద వస్తాయి. మందుగా వాడేందుకు కాదని డబ్బా మీద రాయాలని ఆ నిబంధనలే చెబుతున్నాయి. షుగరు, బి.పి., క్యాన్సరు వంటి జబ్బులను కుదురుస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమొకటి నిషేధించింది కూడా. చట్టాలు ఉన్నాయి. కాని విందులో చెవిలో చెప్పే మాటను ఏ చట్టం పట్టుకుంటుంది?

భాయీజాన్ బొటనవేలు తీసేశారు. అల్లా దయవల్ల కాలు దక్కింది. ఇప్పుడు మాత్రలు వేళకు వేసుకుంటున్నారు, షుగరు అదుపులో ఉంది. నమాజుకు కుర్చీలో కూర్చుంటున్నారు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ. అమ్మినాయన తప్పు ఆయనది. కాని భాయీజాన్ నమ్మింది ఆయనను కాదు, మమ్మల్ని. ఇంట్లో చదువుకున్నవాడని మమ్మల్ని అడిగారు. మేము డబ్బా ముందువైపు చదివి ఊరుకున్నాం. వెనక్కి తిప్పలేదు. షుగరు మాత్రలు ఆపవద్దని ఒక్క మాట చెప్పలేదు.

మన ఇళ్ళల్లో పెద్దలకు చాలామందికి ఇంగ్లీషు రాదు. చదువుకున్న కొడుకులు, కూతుళ్ళు, తమ్ముళ్ళు చదివి చెప్పినదే వారికి ఆధారం. అందుకే ఈ సభలోని యువకులకు మా మనవి ఇది. డబ్బా చేతికి వస్తే ముందు వెనక్కి తిప్పండి. ఎంత మోతాదు, ఎవరు తినకూడదు, మందా ఆహారమా, అన్నీ అక్కడే ఉంటాయి. తెలియకపోతే 'తెలియదు, డాక్టరును అడుగుదాం' అనండి. తెలియదనడం నామోషీ కాదు. ఈ ముక్క మేము నలభై దాటాక నేర్చుకున్నాం.

పెద్దలకు మనవి. షుగరు, బి.పి., గుండెజబ్బు మాత్రలను ఎవరి మాట మీదా మీ అంతట మీరు ఆపవద్దు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగరు, బి.పి. మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు. ఎర్రగోళీ వంటివి తినాలనే ఉంటే డాక్టరుగారికి డబ్బా చూపించి అడగండి. గర్భిణీలు, పాలిచ్చే తల్లులు, రక్తం పలచబడే మందులు వాడేవారు అడగకుండా ముట్టవద్దు.

ఒక సోదరి చీటీ పంపారు, ఈ గోళీల పైతొడుగు మనం తినవచ్చునా అని. మంచి ప్రశ్న. మెత్తటి గోళీల తొడుగు చాలావాటికి జెలటిన్‌తో చేస్తారు. జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. ఏ జంతువన్నది కంపెనీ చెప్పాలి. మొక్కల పదార్థంతో చేసిన తొడుగులు కూడా ఉన్నాయి. ధర్మ నిర్ణయం మౌలానాగారిది, మాది కాదు. డబ్బా వెనుక చదవాలనడానికి ఇది ఇంకొక కారణం.

ఇక చివరగా, రంగులు కావాలంటే ఎక్కడ దొరుకుతాయి? మన బజారులోనే! తోటకూర, పాలకూర, మునగాకు, గోంగూర, క్యారెట్టు, మంచి గుమ్మడి, బొప్పాయి, వేసవిలో మామిడి. పండ్లూ కూరగాయలూ కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. షుగరు ఉన్నవారు పండ్లు ఎంత తినాలో డాక్టరును అడిగి తినాలి. ఈ రంగులు నూనెలో కరిగేవి కనుక కాస్త నూనెతో వండుకుంటే ఒంటికి బాగా పడతాయి. టమాటా ఉడికితే దాని ఎరుపు ఇంకా తేలికగా ఒంటబడుతుంది. మన అమ్మీలు చేసే టమాటా కట్, పాలక్ గోష్త్, గోంగూర కూర ఈ పనే చేస్తున్నాయి. కాకపోతే పాలక్ గోష్త్‌లో గోష్త్ ఎక్కువ, పాలక్ తక్కువ అవుతోంది. అది కాస్త తిరగేసుకోవాలి! పరదా వెనుక నవ్వు వినిపించింది కనుక ఈ మాట చేరవలసిన చోటికి చేరిందని అనుకుంటున్నాం.

నెలకు రెండు వేలు ఎర్రగోళీలకు పెట్టే ఇంట్లో ఆ డబ్బుతో రోజూ ఆకుకూర, పండు వస్తాయి. మిగిలినది పిల్లల పుస్తకాలకు పనికివస్తుంది.

ఈ సావనీరు మీ ఇంటికి వచ్చాక, దయచేసి ఒక పని చేయండి. ఇంట్లో మందుల డబ్బా దించి, అమ్మా నాన్నల పక్కన కూర్చుని, ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి చదివి వారికి అర్థమయ్యే భాషలో చెప్పండి. అరగంట పని. మేము ఆ అరగంట వెచ్చించి ఉంటే మా భాయీజాన్ ఈరోజు మీ అందరితో పాటు నేలమీద కూర్చుని ఉండేవారు.